ఆ ఆర్గన్‌లో పాతది ఎంత?

ఆఫీసు పని మీద హాంబర్గ్ వెళ్తే పని మధ్యాహ్నానికే అయిపోయింది, రైలేమో రాత్రికి. ఇలాంటప్పుడు అందరూ హార్బర్ చూడ్డానికి వెళ్తారు. నేనూ వెళ్లేవాణ్ణే, కానీ సన్నగా వాన, దానికి తోడు గాలి, గొడుగు రెండుసార్లు తిరగబడింది. మెయిన్ స్టేషన్ నుంచి కొద్ది దూరంలోనే సెయింట్ యాకోబి చర్చి ఉంది, అందులో 1693 నాటి ఆర్గన్ (గొట్టాల్లోకి గాలి పోయి పలికే పెద్ద వాద్యం) ఉంది, దగ్గరుండి చూపిస్తారు అని తెలిసి అటు నడిచాను.

మాది గుంటూరు జిల్లా, లూథరన్ కుటుంబం. 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చిన కథ సండే స్కూల్లో విని విని పెరిగాను. అమ్మ వాళ్లది రాజమండ్రి. అక్కడికి 1845లో వచ్చిన నార్త్ జర్మన్ మిషన్ 1836లో మొదలైంది ఈ హాంబర్గ్‌లోనే. ఇంత చుట్టరికం ఉన్నా పైపు ఆర్గన్ అనేదాన్ని దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. మా చర్చిలో హార్మోనియం, తబలా, తాళాలు, ఇప్పుడైతే కీబోర్డు, ప్యాడ్లు. ఆ హార్మోనియం అంటే నాకు ప్రాణం. పదేళ్ల కిందట మూడు రీడ్లు సరిగా పలకడం లేదని రిపేరుకిస్తే, అతను కొత్తవి వేసి, పాతవి కాగితంలో చుట్టి ఇచ్చాడు. అప్పటి నుంచి ఆ మూడు మెట్లూ వేరే పెట్టెలోంచి తెచ్చి పెట్టినట్టే ఉంటాయి. రిపేరు అంటే పాడుచేయడమే అని అప్పుడే తీర్మానించేసుకున్నాను.

చర్చి ఎర్ర ఇటుకల కట్టడం, దాని మీద గోపురం మాత్రం నిన్నమొన్న కట్టినట్టు ఉంది. లోపలికి వెళ్లి వెనక్కి తిరిగి తలెత్తితే ఆర్గన్. వేళ్లతో నొక్కే మెట్లు 4 వరసలు, కాళ్లతో వాయించే పెడల్ వేరే, 60 స్టాపులు (ఒక్కోటి ఒక్కో రకం నాదం), సుమారు 4,000 గొట్టాలు. చూపించే ఆవిడ పెద్దావిడ, మెళ్లో కళ్లజోడు వేలాడుతోంది. ఆరేడుగురం ఉన్నాం. ఆవిడ మొదటి మాటే, ఇక్కడి నుంచి మీకు కనిపిస్తున్నదేదీ 1693ది కాదు అని. నాకు నిజంగానే ఉసూరుమంది. ఇందుకా వానలో వచ్చింది!

ముందు వరసలో మెరుస్తున్నాయే, ఆ తగరం గొట్టాలు, వాటి చోట ఉన్న పాతవాటిని 1917లో యుద్ధానికని పట్టుకుపోయి కరిగించేశారట. ఇక్కడొక్కచోటే కాదు, దేశమంతా అలాగే చేశారు. రెండో యుద్ధం వచ్చేసరికి ముందే జాగ్రత్తపడి లోపలి గొట్టాలు, వాటికి గాలి పంచే పెట్టెలు విప్పి దాచారు. 1944లో బాంబులు పడి చర్చి తగలబడింది, ఆర్గన్ చెక్కపని మొత్తం బూడిద. దాచినవి మిగిలాయి. అంటే మనిషి పోయి గొంతు మిగిలినట్టు. ఆ గొంతుని 1950లో చర్చి దక్షిణం పక్కన ఒకసారి, 1961లో పడమటి గ్యాలరీలో ఇంకోసారి నిలబెట్టారు, అదీ తృప్తిగా కుదరలేదు. చివరికి 1986 నుంచి 1993 దాకా యూర్గెన్ ఆరెండ్ అనే ఆయన మళ్లీ మొదటి నుంచీ పని పట్టి, చెక్కపని కొత్తగా చేయించి, ముందు గొట్టాలు కొత్తవి పోయించి, లోపలి పాతవాటిని వాటి చోట్లకి చేర్చాడు.

సరే, ఆ 'మొదట' అంటే ఎప్పుడు? నాకు అసలు కిక్ ఇచ్చింది ఇక్కడే. 1689లో పని మొదలుపెట్టి 1693లో పూర్తి చేసిన ఆర్ప్ ష్నిట్గర్ కూడా కొత్తగా కట్టలేదు! అంతకుముందు అక్కడున్న ఆర్గన్ గొట్టాలు, షెరర్ల కుటుంబం, ఫ్రిట్షె చేసినవి, బాగున్నవాటిని బోలెడు ఉంచేసుకుని తన వాటితో కలిపేశాడు. కాబట్టి ఆ నాలుగు వేలల్లో కొన్ని ష్నిట్గర్‌కే పాతవి. ఆ తర్వాత 18వ శతాబ్దంలో అభిరుచి మారి కొన్ని స్టాపులు తీసి వేరేవి పెట్టారు. అదీ అయ్యాక జనం దాని సంగతే పట్టించుకోకపోతే, మొదటి యుద్ధం అయిన కొత్తలో హాన్స్ హెన్నీ యాన్ అనే కుర్ర రచయిత దీని విలువేంటో కనిపెట్టి పదిమందినీ కదిలించాడు. (1720లో సంగీతకర్త బాఖ్ ఇక్కడ ఆర్గన్ వాయించే ఉద్యోగానికి ప్రయత్నిస్తే రాలేదు. ఆ ఉద్యోగం దొరికినాయన చర్చికి 4,000 మార్కులు ఇచ్చుకున్నాడు. అప్పుడూ ఇంతే అన్నమాట.)

శ్రుతి సంగతి ఇంకా తమాషా. మన హార్మోనియం రీడుని కాస్త గీకితే శ్రుతి మారుతుంది. గొట్టానికి అలా కాదు, శ్రుతి పెంచాలంటే కోయాలి, తగ్గించాలంటే ముక్క అతకాలి. కోసిన ముక్క మళ్లీ రాదు కదా. ఈ ఆర్గన్ పాతకాలపు పద్ధతిలో ఇప్పటి శ్రుతి కన్నా ఒక స్వరం పైనుంటుంది, ఒకటో శ్రుతి మెట్టు నొక్కితే రెండు శ్రుతి పలుకుతుంది. పన్నెండు స్వరాల మధ్య దూరాలు కూడా ఇప్పటి కీబోర్డులో లాగా సమానం కాదు. ఆవిడ సి మేజర్ కార్డ్ (మూడు స్వరాలు కలిపి) పట్టుకుంటే గాంధారం తంబురా మీద నిలబడ్డంత హాయిగా ఉంది. తర్వాత నవ్వుతూ ఎక్కువ నల్లమెట్లు పడే ఇంకో కార్డ్ పట్టారు, చింతకాయ కొరికినట్టు పళ్లు జివ్వుమన్నాయి. ఖచ్చితంగా పాత పద్ధతికే పోతే బాఖ్ రచనలు కొన్ని వాయించడం కష్టం కాబట్టి ఆరెండ్ కాస్త మెత్తబరిచాడట. ఎంత వెనక్కి వెళ్లినా 1993 వాళ్ల చెయ్యి కూడా పడిందన్నమాట. నాకైతే అది తప్పనిపించలేదు.

పైకి తీసుకెళ్లినప్పుడు ఆర్గన్ మెట్లు దగ్గరగా చూశాను. మెయిన్ వరసలో ఎడమ చివరి మెట్టు చూడ్డానికి ఇ స్వరం, నొక్కితే మాత్రం దానికన్నా కిందిదైన సి పలుకుతుంది. అడుగున ఎవరూ పెద్దగా వాడని స్వరాలకి అంతంత పెద్ద గొట్టాలు, అంత తగరం ఎందుకు దండగ అని వదిలేసి, ఉన్న మెట్లనే సర్దారు. ఇదే మొదట్నించీ ఉన్న లెక్క కాబట్టి ఆరెండ్ కూడా అలాగే చేశాడు. నొక్కనిచ్చారు. మెట్టు గట్టిగానే ఉంది, కాస్త దిగగానే చిన్న అడ్డు తగిలి వదిలినట్టయింది, అప్పుడు ఎక్కడో నా వెనక గాలి కదిలింది. "స్తుతియు మహిమయు" అని మా చర్చి పాట రెండు ముక్కలు వాయిద్దామని చెయ్యి లాగింది కానీ వెనక జనం ఉన్నారు, సిగ్గేసింది.

రైలు నలభై నిమిషాలు లేటు. ప్లాట్‌ఫారం మీద నిలబడి నాన్నకి ఫోన్ చేశాను.

"నాన్నా, హార్మోనియం పాత రీడ్లు మూడు ఉండాలి, పారేశారా?"

"పారేయటమేందిరా, బీరువా మీద మందుల డబ్బాలో ఉన్నయ్. అయినా ఈ టైంలో నీకవెందుకు గుర్తొచ్చినయ్?"