అమ్మ భుజం, ఎక్స్‌రే, ఆ డాక్టరు అన్న మాట

రాత్రే ఎంఆర్ఐ రిపోర్టు చేతికొచ్చింది. అమ్మ కుడి భుజంలో సుప్రాస్పైనాటస్ టెండన్ (చెయ్యి పైకెత్తే కండను ఎముకకు కట్టి ఉంచే తాడులాంటిది) పూర్తిగా తెగి వెనక్కి జారిపోయిందట. కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో చీటీ, ఎక్స్‌రే తొందరగానే అయిపోయాయి. నరకమంతా డాక్టరు గదిలోనే. ఆయన ఫిల్మ్‌ను కిటికీ వైపు ఓసారి ఎత్తి చూసి, "ఎముక విరగలేదు. ఫ్రోజెన్ షోల్డర్. చెయ్యి ఎత్తుతూ ఉండండి, అదే పోతుంది" అన్నాడు. అమ్మ ఎత్తలేకపోయింది. ఆయనే పట్టుకుని ఎత్తితే చెయ్యి పైదాకా వెళ్లింది, వదలగానే దబ్బున పడిపోయింది. "పని తప్పించుకోవాలని ఉన్నట్టుంది" అని నవ్వాడు, బయట వరసలో కూర్చున్నవాళ్లకు వినబడేలా. పుట్టి బుద్ధెరిగాక ఒక్కరోజు ఖాళీగా కూర్చోని మనిషిని అనాల్సిన మాటేనా అది? అమ్మ తల ఎత్తకుండా బయటికొచ్చింది. ఇంటికొచ్చినా అన్నం ముట్టలేదు. ఫ్రోజెన్ షోల్డర్‌లో ఎదుటివాళ్లు ఎత్తినా భుజం బిగుసుకునే ఉంటుంది. అమ్మది అది కాదని ఆయన చేతుల్లోనే తేలింది, అయినా పట్టించుకోలేదు. రోగి నొప్పిని నమ్మలేనివాళ్లు ఆ కుర్చీలో కూర్చోకూడదు.

తర్వాత మా తోడికోడలు చెప్పిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ అదే ఫిల్మ్‌ను లైట్‌బాక్స్ మీద పెట్టి స్కేలు ఆనించారు. చేతి ఎముక గుండ్రటి తలకీ, దాని పైన కప్పులా ఉండే అక్రోమియన్‌కీ మధ్య సందు మామూలుగా 7 నుంచి 14 మిల్లీమీటర్లు ఉంటుంది. అమ్మకి 5. ఎముక తలను కుదురుగా పట్టి ఉంచే టెండన్లు బాగా తెగితే, భుజం పైకండ దాన్ని పైకి లాగేస్తుందట. టెండన్ అతుక్కునే చోట ఎముక గరుకుదేలి, తెల్లగా గట్టిపడి ఉంది. అక్రోమియన్ అంచున ముల్లు పెరిగింది. అన్నీ ఆ మొదటి ఫిల్మ్‌లోనే ఉన్నాయి!

ఎక్స్‌రేలో తెగిన టెండన్ కనబడదు, ఎముక మీద అది వదిలిన జాడే కనబడుతుంది. చిరుగు చిన్నదైతే ఆ జాడ కూడా ఉండదు. అందుకే "ఎక్స్‌రే నార్మల్" అన్నా, చెయ్యి నిలవకుండా పడిపోతుంటే అల్ట్రాసౌండ్ రాయమని పట్టుబట్టండి. ఎంఆర్ఐ కన్నా ఖర్చు తక్కువ. ఎక్స్‌రే నిలబెట్టి తీయమనండి, పడుకోబెట్టి తీస్తే ఆ సందు ఇంకా ఇరుగ్గా కనబడుతుంది. ఫిల్మ్ మాత్రం ఎవరికీ వదిలిపెట్టొద్దు.

కండ ఇంకా కొవ్వుగా మారిపోలేదు కాబట్టి కుట్టొచ్చని డాక్టరమ్మ అన్నారు. ఆపరేషన్‌కి అమ్మ ఒప్పుకుంది. మొదటి ఆసుపత్రికి ఫిర్యాదు ఈ ఉదయమే రాసి పంపాను, అమ్మను అన్న ఆ మాటతో సహా.