గండికోటలో బామ్మర్ది మాయం

ప్రొద్దుటూరులో పెళ్ళి ఫోటోలు తీస్తుంటాను. పెళ్ళికూతురి వెనకాల ఎంత గందరగోళమున్నా 50 ఎంఎం లెన్సు కన్నాన్ని బాగా వెడల్పుగా, అంటే ఎఫ్ 1.8కి, తెరిస్తే కుర్చీలూ వంటవాళ్ళూ అందరూ మసకలో కలిసిపోతారు. ఆ ధీమాతోనే గండికోటకు వెళ్ళాను.

మా బామ్మర్దికి ఈమధ్య రాపెల్లింగ్ పిచ్చి పట్టుకుంది. తాడు కట్టుకుని పెన్నా లోయ బండల మీద నుంచి దిగుతాడు. "బావా, నాలుగు ఫోటోలు తియ్" అన్నాడు. ఆదివారం తీరిగ్గా పదకొండింటికి చేరి, రెండొందల ఫోటోలు కొట్టాను. రాత్రి కంప్యూటర్లో చూస్తూ వాడే అడిగాడు.

"ఇందులో నేనేడుండా బావా?"

నిజమే. వేసుకున్నది ఇటుకరంగు టీషర్టు, వెనక బండా అదే రంగు. నడినెత్తిన ఎండ. ప్రతి పగులూ, ప్రతి నెర్రే వాడంత స్పష్టంగా ఉంది. నా ఎఫ్ 1.8 ఏమైంది? పెళ్ళిపందిట్లో వెనకున్నవి పది పదిహేనడుగుల దూరంలో ఉంటాయి. ఇక్కడ బండ వాడి ముక్కుకు మూరెడు దూరంలో ఉంది. వాడు ఫోకస్‌లో ఉంటే బండా ఫోకస్‌లోనే ఉంటుంది. ఎంత ఖరీదైన లెన్సు కొన్నా ఇది మారదు. (కొందామని ధరలు కూడా చూశాను, ఇంట్లో చెప్పలేదు.)

మళ్ళీ ఆదివారం తెల్లారక ముందే బయల్దేరాం. ఈసారి వాడికి నీలం టీషర్టు వేయించాను. అసలు పని మాత్రం నా కాళ్ళతోనే అయింది. వాడికి ఎదురుగా నిలబడకుండా అంచు వెంబడి ఓ ముప్ఫై అడుగులు పక్కకు నడిచి, వాణ్ణి పక్కనుంచి చూశాను. అప్పుడు వాడి వెనక దగ్గరి బండ లేదు, లోయకు అవతలి గట్టు ఉంది. దానిమీద ఇంకా ఎండ పడలేదు. నల్లటి నీడ ముందు, ఏటవాలు ఎండలో నీలం చొక్కా. అంత దూరంలో ఉంది కాబట్టి దూరాన్ని దగ్గరకు లాగే నా పాత 55-250 లెన్సు, కన్నం అంత తెరుచుకోని ఎఫ్ 5.6 దగ్గరే ఆ గట్టును మసక చేసేసింది.

ఆ నీడతోనే ఇంకో తంటా. ఫ్రేములో ఎక్కువ భాగం నలుపే కావడంతో కెమెరా తనంతట తాను వెలుతురు పెంచేస్తోంది, వాడి మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయింది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచుకున్న వెలుతురును మనం పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ ఒకటికి దించాను. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 400, షట్టర్ సెకనులో వెయ్యో వంతు దగ్గర కుదిరింది.

అయినా చాలా ఫోటోల్లో వాడు మూటలా ఉన్నాడు. మోకాళ్ళు పొట్టకు ముడుచుకుంటే మనిషి ఆకారమే తెలియదు. బండను తన్ని వెనక్కి ఎగిరినప్పుడు మాత్రం కాళ్ళు చాచుకుంటాయి, మోచెయ్యికీ నడుముకీ మధ్య సందు కనపడుతుంది, పాదాలకూ రాయికీ నడుమ నల్లటి నీడ కనపడుతుంది. ఆ తన్ను కోసం కాచుకుని కూర్చున్నాను. మూడొందల నలభైలో ఆరు నిలిచాయి.

అన్నిట్లోకీ మంచిది మా అత్తకు చూపించాం. ఫోన్ దగ్గరకు పెట్టుకుని చూసింది, మొహం పాలిపోయింది.

"తాడేది నాయనా?"

నల్ల తాడు. నీడలో కలిసిపోయింది. వచ్చే ఆదివారానికి తెల్ల తాడు దొరుకుతుందేమో కనుక్కోమని వాడికి చెప్పాను.