రోడ్డు పక్కన ఆగిన ఆ తెల్ల ఇన్నోవా

2014లో తెలంగాణ వచ్చిన కొత్తలో హైదరాబాద్ పోలీసులకు ఇన్నోవాలు ఇచ్చినప్పుడు, పాత జీపులు, సుమోలే చూసి అలవాటైన మా కాలనీ వాళ్లం బయటికొచ్చి మరీ చూశాం. గస్తీ బండి అంటే అందరికీ అదే గుర్తొస్తుంది గానీ, గల్లీల్లో అది తిరగదు, అక్కడికి బ్లూకోల్ట్స్ అనే పోలీసు గస్తీ బైకులే ముందు వస్తాయి.

మొన్న రాత్రి మా వీధి చివర ఆ ఇన్నోవా ఒకటి ఆగి ఉంటే డ్రైవర్‌ని పలకరించాను. డ్రైవర్ సీటు రెక్సిన్ చిరిగి స్పాంజి బయటికొచ్చింది, దాని మీద మడత పెట్టిన తువ్వాలు. "షిఫ్టు మారితే మేం దిగుతాం సార్, బండి దిగదు" అన్నాడాయన.

నిజమే కదా! మన కారు రాత్రికి ఇంట్లో పడుకుంటుంది, ఇది మాత్రం చౌరస్తాలో నిలబడినా ఇంజిన్ ఆన్‌లోనే, మీద లైట్లు, లోపల వైర్‌లెస్ సెట్టు అన్నీ నడుస్తూనే ఉంటాయి, అందుకే కిలోమీటర్లు ఒక్కటే చూసి దాని అరుగుదల లెక్కేయకూడదు, ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో కూడా చూడాలి. కొత్త బండ్లకు జెండా ఊపడం మంచిదే, కానీ టైర్లకు, బ్రేకులకు, ఆ సీటుకు కూడా టైముకి డబ్బు రావాలి. పోలీసులకు ఫోన్ చేసి ఎదురుచూసే మనిషి దగ్గరికి రావాల్సింది ఆ బండి కూడా.