తాతయ్య వచ్చింది

"తాతయ్యతో నేను ఇంక తెలుగులో మాట్లాడను" అని, పదకొండేళ్ళ మా అమ్మాయి పోయిన ఏడాది ఒక ఆదివారం ఉదయం ఫోను నా చేతిలో పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయింది. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు మాటలు అని ఊరుకునేదాన్ని. హోంవర్కు అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పడం వల్లనే ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు.

కారణం నాకు తెలియనిది కాదు. అంతకు రెండు వారాల ముందు, తాళ్ళరేవు నుంచి మా నాన్న వీడియో కాల్‌లో కనబడగానే, అది సంతోషం పట్టలేక "తాతయ్య వచ్చింది!" అని అరిచింది. అక్కడ మా అక్క పగలబడి నవ్వింది, ఇక్కడ నేనూ నవ్వాను. అంతటితో ఆగినా బాగుండేది. అమలాపురంలో పిన్నికి, భీమవరంలో మేనత్తకు స్వయంగా ఫోను చేసి మరీ ఆ ముచ్చట చెప్పాను. ఆ వారమంతా ఎవరు ఫోను చేసినా ముందు దాన్ని పిలిపించి "ఏమే, తాతయ్య వచ్చిందా?" అని అడిగారు. అందరిదీ ముద్దే, సందేహం లేదు. నవ్వనిది మా నాన్న ఒక్కరే.

మ్యూజియానికి వెళ్ళింది ఆ తరువాతి నెలలో. మేముండే సియాటెల్‌లోని మ్యూజియం ఆఫ్ ఫ్లైట్‌లో ఒక స్పేస్ షటిల్ ఉందని, అది అసలుది కాదని నాకు ఎప్పటినుంచో తెలుసు; అసలుది కాదు కాబట్టే మూడేళ్ళుగా ఏదో ఒక సాకు చెప్పి వాయిదా వేస్తూ వచ్చాను. 2011లో షటిళ్ళు శాశ్వతంగా నేలకు దిగాక డిస్కవరీ వాషింగ్టన్ డి.సి. దగ్గరికి, అట్లాంటిస్ ఫ్లోరిడాకు, ఎండెవర్ లాస్ ఏంజిలిస్‌కు వెళ్ళాయి. అంతరిక్షం ముఖమే చూడని ఎంటర్‌ప్రైజ్ సైతం న్యూయార్క్‌కు దక్కింది. మా ఊరికి మిగిలింది, హ్యూస్టన్‌లో వ్యోమగాములు సాధన చేసిన, రెక్కలు కూడా లేని 'ట్రైనర్' అనే నమూనా. 2012లో దాన్ని సూపర్ గప్పీ అనే పొట్ట ఉబ్బిన విమానంలో విడతలు విడతలుగా తెచ్చారు. అందులో ఎక్కువ భాగం ప్లైవుడ్డు. పూతరేకులంటే ఆత్రేయపురంవే తప్ప ముట్టననీ, ఆవకాయ ఊరినుంచి రావలసిందేననీ పట్టుబట్టే నాకు (ఫ్రీజరు నిండా ఉన్న పరోటాల సంగతి ఇక్కడ అప్రస్తుతం) ఆ చెక్క షటిల్ ఏమాత్రం ఆనలేదు.

కానీ అసలు షటిళ్ళను దూరంనుంచి చూసి రావలసిందే. దీనిలోకి నడిచి వెళ్ళవచ్చు. అరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు ఉన్న సరుకుల అరలోకి అడుగు పెట్టగానే, చిన్నప్పుడు మా నాన్న పనిచేసే చోట, సగం కట్టిన పడవ అడుగున నిలబడి పైకి చూసిన రోజులు గుర్తుకు వచ్చాయి. ఆ తరువాత గైడు మా చిన్న బృందాన్ని వ్యోమగాముల గదిలోకి తీసుకువెళ్ళాడు. కింద నిద్రకూ భోజనానికీ మరుగుదొడ్డికీ చోటు, నిచ్చెన ఎక్కితే పైన స్విచ్చులతో నిండిన నడిపే గది. నేలకు దిగాక పక్క తలుపు తెరుచుకోకపోతే, బరువైన నారింజరంగు సూట్లతోనే పైకప్పులోని కిటికీ గుండా బయటికి పాకి, తాడు పట్టుకుని షటిల్ పక్కగా నేలకు జారాలట. ఆ విద్యను ఈ చెక్క పెట్టెలోనే నేర్చుకునేవారట. సరిగ్గా చెయ్యకపోతే ఏమయ్యేదని మా అమ్మాయి అడిగింది. గైడు నవ్వి, మళ్ళీ చెయ్యమనేవారు, ఇది ఉన్నదే అందుకు కదా అన్నాడు.

కారెక్కిన పది నిమిషాలకు అది ఇంగ్లీషులో అడిగింది: "అమ్మా, మన ఇంట్లో ట్రైనర్ ఏది?" నాకు అర్థం కాలేదు. "వాళ్ళు తప్పు చేస్తే మళ్ళీ చెయ్యమంటారు. నేను తప్పు చేస్తే నువ్వు అందరికీ ఫోను చేస్తావు."

దానికి నేను క్షమాపణ చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. మాతృభాష గొప్పతనం గురించి ఇరవై నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను, అదీ ఇంగ్లీషులో. మావారు వెనక్కు తిరిగి చూడకుండా డ్రైవింగు మీద అంత శ్రద్ధ పెట్టడం నేను అంతకు ముందెన్నడూ చూడలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక, రాత్రి భోజనం దగ్గర ఒక గంటసేపు ఎవరు ఎలాంటి తెలుగు మాట్లాడినా నవ్వకూడదు, సరిదిద్దకూడదు అని ఒక నియమం పెట్టాను. పిల్లలున్న స్నేహితులకు కూడా ఈ పద్ధతి పాటించి చూడమని సలహా ఇచ్చాను. సలహా ఇచ్చిన నాలుగో రోజునే "పప్పు వేడిగా ఉన్నాడు" అని వినిపించేసరికి నా ముఖంలో ఏదో కదిలింది కాబోలు, పిల్ల వెంటనే ఇంగ్లీషులోకి మారిపోయింది. నోరు కట్టుకోగలిగాను గానీ కనుబొమలను కట్టుకోలేకపోయాను.

అయినా ఆ చెక్క షటిల్‌లో సాధన చేసినవాళ్ళు ఆపైన నిజంగా ఎగిరారు. నా కూతురిని నేను సిద్ధం చేస్తున్నది ఏ ప్రయాణానికి? రెండేళ్ళకోసారి తాళ్ళరేవులో గడిపే మూడు వారాలకా? ఇప్పుడు తాళ్ళరేవు వచ్చి చూస్తే, మా అక్క పిల్లలు తమ ఇంగ్లీషును అమెరికా పిల్ల మీద ప్రయోగించి చూసుకోవాలని దాని చుట్టూ చేరుతున్నారు. తెలుగు మాట్లాడమని వాళ్ళను గదమాయిస్తున్నది నేనొక్కదాన్నే. ఎగరవలసిన వాహనమే లేనప్పుడు, ఇన్నేళ్ళ ఆదివారపు తెలుగు తరగతుల కోసం నేను ఆ పిల్లతో ఎందుకు ఇంత పోట్లాడానో, అది దాని కోసమో నా కోసమో, ఈ అరుగు మీద కూర్చుని రాస్తున్నప్పుడు కూడా నాకు తేలడం లేదు.

నిన్న సాయంత్రం మా నాన్న దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ షటిల్ ఫోటోలు చూశారు. నలభై ఏళ్ళు చేపల వేట పడవలు కట్టిన మనిషి, వేళ్ళతో ఫోటోను పెద్దది చేసి "ఏ కర్రతో చేశారమ్మా?" అని అడిగారు. ప్లైవుడ్డని తెలియగానే ఆయన ముఖం చూడాలి.

"నీళ్ళు తగిల్తే పొరలు పొరలుగా లేచిపోద్ది కదమ్మా."

"అది నీళ్ళలోకి వెళ్ళదు తాతయ్యా. ఎక్కడికీ వెళ్ళదు."

"మరెందుకంత కష్టపడి కట్టారు?"

అది కాసేపు మాటలు వెతుక్కుంది. "తప్పులు చేసుకోవడానికి" అంది.

మా నాన్న తల ఊపి, ఇంకా చెప్పమన్నట్టు కళ్ళజోడు సర్దుకున్నారు. దానికి ఉత్సాహం వచ్చింది. "కల్పనా చావ్లా కూడా ఇందులోనే నేర్చుకున్నాడు తాతయ్యా, తరువాత నిజం షటిల్‌లో రెండుసార్లు వెళ్ళాడు."

"నేర్చుకుంది" అన్నాను వంటింటి గుమ్మంలోంచి. అనాలనుకోలేదు, అనేశాను.

పిల్ల నావైపు ఒక్క క్షణం చూసింది. నేను చెప్పిన మాటను మళ్ళీ అనలేదు, ఇంగ్లీషులోకీ మారలేదు. అరుగు మీద లేచి నిలబడి, పైకప్పు కిటికీలోంచి పాకి తాడు పట్టుకుని కిందికి ఎలా జారాలో, చేతులతో తాతయ్యకు చూపించడం మొదలుపెట్టింది.