అక్టోబర్ మొదటి బుధవారం

విజయవాడలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేటప్పుడు, వేసవి వచ్చిందంటే మా లెక్చరర్లకూ అడ్మిషన్ల టార్గెట్ పడేది. ఎండలో ఇల్లిల్లూ తిరిగి టెన్త్ పిల్లల తల్లిదండ్రుల్ని బతిమాలేవాళ్లం. అమెరికా వచ్చాక ఆ బాధ తప్పిందనుకున్నాను.

ఇప్పుడు మిషిగన్‌లో ఒక చిన్న ప్రభుత్వ ఆన్‌లైన్ స్కూల్లో పనిచేస్తున్నాను. ఫీజు లేదు, పిల్లల తలల లెక్కన రాష్ట్రమే డబ్బిస్తుంది. ఆ లెక్క ముఖ్యంగా తేలేది అక్టోబర్ మొదటి బుధవారం, 'కౌంట్ డే' నాడు. మామూలు బడిలో పిల్లాడొచ్చి బెంచీ మీద కూర్చుంటే హాజరు. మాకు బెంచీలే లేవాయె! ఆ రోజు మొదలు నాలుగు వారాలు, వారానికి ఒక్కసారైనా ప్రతి విద్యార్థీ టీచర్‌తో పాఠం గురించి మాట్లాడినట్టు రుజువుండాలి. నేను పది మెసేజ్‌లు పెట్టినా ఒకటే, అటునుంచి జవాబు రావాలి. "ఓకే" అన్నా చెల్లదు.

అందుకే అక్టోబర్ అంతా నాకు టెన్షనే. ఒకబ్బాయికి ఫోన్ చేస్తే వాళ్ల అమ్మమ్మ ఎత్తేది. "రాత్రంతా బర్గర్ షాపులో పనమ్మా, ఇప్పుడే పడుకున్నాడు." లేపమనడానికి నోరు రాదు. లేపకపోతే లెక్క తప్పుతుంది.

రాష్ట్ర పరీక్షలు మాత్రం ఇంట్లో కూర్చుని రాయడానికి వీల్లేదు. నూటికి 95 మంది రాయాలని ఫెడరల్ చట్టం. హాలు అద్దెకు తీసుకుంటాం, పిల్లలు రెండేసి గంటలు ప్రయాణం చేసి వస్తారు. ఏడాదంతా కెమెరా ఆపేసి కూర్చున్న ఆ అబ్బాయి ఆరడుగుల మనిషని అక్కడే తెలిసింది.

విజయవాడలో మంచి మార్కుల పిల్లల్ని ఏరి వేరే సెక్షన్‌లో పెట్టి, వాళ్ల ఫొటోలే పేపర్లో వేసేవాళ్లం. ఇక్కడ ఏరుకోవడం కుదరదు. సీట్లకు మించి దరఖాస్తులొస్తే లాటరీయే. పైగా చాలామంది వేరే బడిలో వెనకబడ్డాకే మా దగ్గరికొస్తారు. తొమ్మిదో తరగతిలో చేరినప్పటినుంచి నాలుగేళ్లలో హైస్కూల్ పూర్తయితేనే 'నాలుగేళ్ల గ్రాడ్యుయేషన్ రేటు'లో పాస్ కింద లెక్క. పదకొండులో మా దగ్గర చేరినా, ముందు పోయిన రెండేళ్లూ మా ఖాతాలోకే. చివరి తరగతిలో ఇరవై మందే ఉంటే ఒక్కడు తప్పినా అయిదు శాతం ఎగిరిపోయినట్టే.

ఆ అబ్బాయికి హైస్కూల్ పూర్తవడానికి అయిదేళ్లు పట్టింది. పాసయ్యాడని తెల్లవారుజామున అమ్మమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఈసారి నిద్రలో ఉన్నది నేను.