మైదా గీతలు, చొక్కా గుండీలు

విజయవాడ, సూర్యారావుపేట. మంగళవారం.

పొద్దున్నంతా ఫొటోలతోనే సరిపోయింది. కొకెయిన్ వాడేవాళ్ల చూపు ఆ సరుకు వైపు ఎంత లాగుతుందో కొలవాలంటే ముందు బొమ్మ కావాలి. అసలు సరుకు దగ్గర పెట్టుకుంటే 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) ఒప్పుకోదు. అందుకని నల్ల గ్రానైట్ గట్టు మీద మైదాతో గీతలు, పక్కన ఏటీఎం కార్డు. పక్కన పోల్చడానికి మత్తుతో సంబంధం లేని జోడీ బొమ్మ ఒకటి కావాలి. దానికి ముగ్గు గీతలు చాలనిపిస్తుంది గానీ పనికిరావు, తెల్ల గీత ఏదైనా వాడినవాడికి సరుకులాగే ఉంటుంది. చివరికి తెల్ల చొక్కా గుండీలు వరసగా పేర్చి, కార్డు బదులు దువ్వెన. రెండింట్లోనూ తెలుపు, వెలుతురు సమానంగా ఉండాలి. లేకపోతే చూపు లాగింది కొకెయినా, తళుకా అన్నది తేలదు.

పరీక్ష 1986 నాటి డాట్ ప్రోబ్. మొదట ఆందోళన మీద వాడారు, తర్వాత మత్తుకీ తెచ్చారు. మధ్యలో ప్లస్ గుర్తు, ఆపైన రెండు బొమ్మలు పక్కపక్కన అర సెకను. అవి మాయమయ్యాక ఒకదాని చోట చుక్క. ఎడమో కుడో మీట నొక్కాలి. 20 జోడీలు, మైదా బొమ్మ ఏ వైపు, చుక్క ఏ వైపు అని ఒక్కోటి 4 రకాలు, మొత్తం 80. రెండుసార్లు తిప్పితే 160. తప్పు నొక్కినవీ, 200 మిల్లీసెకన్లలోపు వచ్చినవీ తీసెయ్యాలి. అంత తొందరగా నొక్కారంటే చుక్క చూసి కాదు.

గుండీల వైపు చుక్కకి మీట నొక్కడానికి పట్టిన సగటు 462 మిల్లీసెకన్లు, మైదా వైపు 447 అనుకుందాం. తేడా 15, అంటే చూపు ముందే మైదా వైపుందన్నమాట. కానీ 60 హెర్ట్జ్ మానిటర్‌కి, అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ మార్చే తెరకి, ఒక్క ఫ్రేమే 16.7! అందుకే అర సెకను అని కాకుండా 30 ఫ్రేములు అని రాయాలి. కీబోర్డు ప్రతిసారీ ఒకేలా ఆలస్యమైతే తీసివేతలో పోతుంది. ఒకసారి 10, ఇంకోసారి 40 అయితేనే తంటా. బ్లూటూత్ వద్దు, వైరుదే. మధ్యాహ్నం కరెంటు పోతే ఇంకో గొడవ: బ్యాటరీ మీదికి వెళ్లగానే కొన్ని లాప్‌టాప్‌లు రిఫ్రెష్ రేటు తగ్గించేస్తాయి.

ఇంత చేసినా ఒకే మనిషి స్కోరు ఇవాళ ఒకటి, వచ్చే వారం ఇంకొకటి. గుంపు సగటుకి సరే, ఒకరి చేతికి కాగితం మీద రాసిచ్చే అంకె కాదిది. చూపు ఎక్కడ ఎంతసేపు నిలిచిందో నేరుగా కొలిచే ఐ ట్రాకర్ కాస్త నమ్మదగ్గది. తెరకి 60 సెంటీమీటర్ల దూరం, గడ్డానికి ఆనింపు, 9 చుక్కలు చూపించి ముందు సరిచూసుకోవడం (కాలిబ్రేషన్). అది కంటిపాపని నల్లటి గుండ్రంగా వెతుకుతుంది కాబట్టి కాటుక దిద్దుకొస్తే తికమకపడుతుంది. తడి దూది దగ్గర ఉంచుకోవాలి. ఈమధ్యే వాడినవాళ్లకి కంటిపాప పెద్దదై ఉంటుంది, మూత్ర పరీక్ష ముందే చేయించడం మేలు. అందులో మామూలుగా రెండు మూడు రోజుల దాకా జాడ దొరుకుతుంది.

ఇంకోటి స్ట్రూప్ పరీక్ష: రంగుల్లో రాసిన మాట చదవకుండా దాని రంగు చెప్పాలి, మత్తు మాటలకి ఆలస్యమవుతుందా అని చూడాలి. దానికి తెలుగు మాటలు ఎంచడం దగ్గర ఆగిపోయింది. 'పౌడరు' అంటే ఇక్కడ మొహానికి రాసుకునేది. 'లైను' అంటే రేషన్ షాపు. రెండూ కొట్టివేత.

కోరిక ఎంతుందో మొదట్లో, చివర్లో 0 నుంచి 100 గీత మీద గుర్తు పెట్టించాలి. ఆ బొమ్మలే కోరిక రేపుతాయి కాబట్టి, మొదటి అంకెకి దిగేదాకా మనిషిని బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లోకి వదలకూడదు. ఓ అరగంట ఫ్యాను కింద కుర్చీ, గ్లాసెడు మజ్జిగ.

ఏడో గుండీల ఫొటోలో ట్యూబ్‌లైట్ మెరుపు పడింది. రేపు మళ్లీ తియ్యాలి.