మాండ్వీ గల్లీల్లో

మొన్న ముంబయి వెళ్లినప్పుడు మాండ్వీ గల్లీల్లో చాలాసేపు తిరిగాను. 1896లో డాక్టర్ అకాసియో వీగాస్ ప్లేగును గుర్తించింది ధాన్యపు గోదాములూ కిక్కిరిసిన చాళ్లూ (కూలీలు ఉండే వరుస గదుల ఇళ్లు) కలగలిసిన ఈ పేటలోనే. తర్వాత పదేళ్లకు గానీ ప్లేగు వ్యాప్తిలో ఎలుకల గోమార్ల (ఎలుకల ఒంటి మీద రక్తం పీల్చి బతికే, గెంతే చిన్న పురుగులు, ఇంగ్లీషులో ఫ్లీలు) పాత్ర ఈ నగరంలోని పరిశోధనల్లో రుజువు కాలేదు: ప్లేగు సోకిన ఇళ్లలో నేలకు దగ్గరగా ఉంచిన గినీ పందులు జబ్బుపడగా, గోమారి ఎగరలేనంత ఎత్తున వేలాడదీసినవి బతికాయి. కటిక నేల మీద పడుకునే కూలీల సంగతి తలచుకుంటే గుండె బరువెక్కింది. కూలిపనికి వలస వెళ్లిన మన తెలుగు కామాటీలూ ఆ నగరపు కూలీలే. ప్లేగు తర్వాత 1898లో ఏర్పడిన ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు (నగరాన్ని బాగుచేసే సంస్థ) గాలి ఆడాలని ఇరుకు ఇళ్లు కూల్చి వీధులు వేసింది. కానీ నిలువ నీడ పోయిన పేదలు పక్క చాళ్లలోనే మరింత ఇరుకుగా సర్దుకున్నారు.